సంచులు బండి ఎక్కినంత మాత్రాన బాధ్యత తీరదు
పర్యావరణ చట్టాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను హైదరాబాద్ బాలానగర్‌లో చాలా ఏళ్లుగా చిన్న ప్లేటింగ్ షాపు నడుపుతున్నాను. మోటార్ సైకిల్ విడిభాగాలకు, కుళాయి ఫిట్టింగులకు నికెల్, క్రోమ్ పూత వేస్తాం. ట్యాంకుల అడుగున చేరే బురదను సంచుల్లో నింపి, ఖాళీ కెమికల్ డబ్బాలతో పాటు ఒక స్క్రాప్ బండి అతనికి ఇస్తూ వచ్చాను. డబ్బాలకు అతనే ఎదురు డబ్బు ఇచ్చి, బురద సంచులను ఊరికే తీసుకెళ్లేవాడు. ఈ మధ్య ఆ సంచులు ఒక చెరువు కట్ట పక్కన దొరికాయట. వాటితో పాటు పడేసిన డబ్బాల మీద నా షాపు పేరున్న డెలివరీ చీటీ అంటుకుని ఉండటంతో కాలుష్య నియంత్రణ మండలి నాకు షోకాజ్ నోటీసు పంపింది. పారేసింది నేను కాదు కదా, జరిమానా నాకెలా వేస్తారు? ఎంత వరకు వేయగలరు? చట్టం మార్చి జైలు శిక్ష తీసేశారని మా అసోసియేషన్‌లో అంటున్నారు, నిజమేనా? (బాలానగర్ పాఠకుడు)

జవాబు: సంచులను పారేసింది మీరు కాకపోయినా చట్టం ముందు మీ దగ్గరికే వస్తుంది. ప్రమాదకర వ్యర్థాల నిర్వహణకు కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం, యూనిట్ ఎవరి అదుపులో నడుస్తుందో వారే అక్కడ పుట్టిన వ్యర్థానికి బాధ్యులు. అది అనుమతి ఉన్న కేంద్రానికి చేరి, చేరినట్టు కాగితం మీ చేతికి తిరిగి వచ్చేదాకా ఆ బాధ్యత మీ మీదే ఉంటుంది. అనుమతి లేని మనిషికి అప్పగించడమే ఒక ఉల్లంఘన. అతను దాన్ని ఎక్కడ పారేశాడన్నది దాని తర్వాత వచ్చే సంగతి. వ్యర్థాన్ని సరిగా చూసుకోకపోవడం వల్ల పర్యావరణానికి గానీ, ఇతరులకు గానీ జరిగిన నష్టమంతటికీ యజమానే బాధ్యుడని ఆ నిబంధనల్లోని 23వ నియమం స్పష్టంగా చెబుతోంది. స్క్రాప్ బండి అతను కూడా నేరస్థుడే కావచ్చు, అతని మీద కూడా చర్య ఉండవచ్చు, కానీ అతని తప్పు మీ తప్పును చెరిపెయ్యదు.

ఆ సంచుల్లో ఏముందో తెలిస్తే చట్టం ఇంత గట్టిగా ఎందుకుందో అర్థమవుతుంది. క్రోమ్ బాత్ నుంచి తీసిన వస్తువును కడిగినప్పుడు నీళ్లు పసుపు రంగుకు తిరగడం మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఆ పసుపు రంగు ఆరు వేలెన్సీ ఉన్న క్రోమియంది, అంటే క్రోమియం రూపాల్లో మనిషికి అత్యంత హాని చేసేది, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని రుజువైనది. ఏళ్ల తరబడి దాని ఆవిరి పీల్చిన ప్లేటింగ్ కార్మికుల్లో కొందరికి ముక్కు లోపలి దూలానికి రంధ్రం పడుతుంది. పసుపు నీళ్లను ఆమ్ల స్థితిలో సోడియం మెటాబైసల్ఫైట్‌తో శుద్ధి చేసి, తర్వాత సున్నం కలిపితే క్రోమియం ఆకుపచ్చ ముద్దగా అడుక్కు దిగుతుంది. ఆ ముద్ద కొంత నయమే గానీ, ఈ శుద్ధి సరిగా జరగని బురదలో విషం విషంగానే ఉండి, మొదటి వానకే కరిగి నేలలోకి ఇంకుతుంది. చిత్తూరు జిల్లా సరిహద్దుకు అవతల, తమిళనాడులోని రాణిపేటలో మూతపడిన ఒక క్రోమేట్ ఫ్యాక్టరీ రెండు లక్షల టన్నులకు పైగా క్రోమియం వ్యర్థాన్ని వదిలేసి పోయింది. 1990ల మధ్యలో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది, భూగర్భ జలాల్లోకి దిగిన క్రోమియం మాత్రం ఆగలేదు. మీవి కొద్ది సంచులే కావచ్చు, కానీ చెరువు కట్ట కింద బోరు వేసుకున్న రైతుకు ఆ కొద్ది సంచులే చాలు.

ఇక జరిమానా సంగతి. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో, భోపాల్ దుర్ఘటన జరిగిన రెండేళ్లకు వచ్చింది. దాని 15వ సెక్షన్ కింద అప్పట్లో ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండేవి. 2023 నాటి జన విశ్వాస్ చట్టం ఈ సెక్షన్‌ను మార్చింది, ఆ మార్పు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఒక్కో ఉల్లంఘనకు కనీసం 10 వేల నుంచి గరిష్ఠంగా 15 లక్షల రూపాయల వరకు జరిమానా, ఉల్లంఘన కొనసాగితే రోజుకు మరో 10 వేలు వేయవచ్చు. ప్రమాదకర పదార్థాల నిర్వహణకు సంబంధించిన 8వ సెక్షన్‌ను ఉల్లంఘించారని తేలితే కనీస మొత్తమే లక్ష రూపాయలు. కోర్టు మెట్లు ఎక్కకుండానే, రాష్ట్ర ప్రభుత్వ కార్యదర్శి స్థాయికి తగ్గని అధికారి విచారణ జరిపి దీన్ని నిర్ణయిస్తారు. ఎంతమంది ప్రజలకు, ఎంత మేర ప్రాంతానికి హాని కలిగింది, ఎన్నాళ్లుగా, ఎన్నిసార్లు జరిగింది, ఉల్లంఘన వల్ల మీకు ఎంత లాభం మిగిలింది అన్నవి ఆ అధికారి చూడాల్సిన అంశాల్లో ఉన్నాయి. ఉత్తర్వు మీద 60 రోజుల్లోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ అది చెన్నైలోని దక్షిణ మండల బెంచి.

మీ అసోసియేషన్‌లో విన్న మాట సగమే నిజం. ఉల్లంఘనకు నేరుగా పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జైలు లేదు, కానీ విధించిన జరిమానాను 90 రోజుల్లోగా కట్టకపోతే మూడేళ్ల వరకు జైలు గానీ, జరిమానాకు రెండింతల వరకు సొమ్ము గానీ, రెండూ గానీ పడవచ్చు. నీటి కాలుష్య చట్టం వేరుగా ఉంది. 2024లో దానికి చేసిన సవరణను ఒక్కో రాష్ట్రం శాసనసభ తీర్మానంతో స్వీకరించాలి కాబట్టి, మీకు వచ్చిన నోటీసులో ఏ చట్టం, ఏ సెక్షన్ పేర్కొన్నారో ముందుగా అది చూడండి. మనుషులకు ప్రమాదం కలిగేలా విష పదార్థాన్ని నిర్లక్ష్యంగా వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 286వ సెక్షన్ కింద పోలీసు కేసు కూడా సాధ్యమే. 2024 ఏప్రిల్‌కు ముందు ఇచ్చిన సంచుల విషయం ఏ సెక్షన్ కిందికి వస్తుందో మీ న్యాయవాదితో విడిగా మాట్లాడండి.

చిన్న వ్యాపారులు ఎక్కువగా పట్టించుకోనిది, చివరికి ఎక్కువగా దెబ్బతీసేది జరిమానా కాదు, పర్యావరణ పరిహారం. ఈ రెండూ వేర్వేరు. జరిమానా తప్పుకు శిక్ష, పరిహారం జరిగిన నష్టానికి ఖర్చు. అనుమతులు లేకుండా నడిచిన యూనిట్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక లెక్క పెట్టింది. ఎలక్ట్రోప్లేటింగ్ ఎరుపు కేటగిరీ, అంటే ఎక్కువ కాలుష్యం చేసే వర్గంలోని పరిశ్రమ, దాని కాలుష్య సూచిక 80. దీన్ని ఉల్లంఘన జరిగిన రోజుల సంఖ్యతోనూ, సాధారణంగా తీసుకునే 250 రూపాయల గుణకంతోనూ, చిన్న యూనిట్ కాబట్టి 0.5తోనూ, హైదరాబాద్ జనాభాను బట్టి 1.5తోనూ గుణించాలి. రోజుకు 15 వేల రూపాయలు తేలుతుంది. నెల రోజులకే నాలుగున్నర లక్షలు. ప్రమాదకర వ్యర్థాన్ని పారేసిన సందర్భాల్లో దాని పరిమాణం, ప్రమాద స్థాయి ఆధారంగా లెక్క వేరుగా ఉంటుంది, దానికి తోడు నేలను తవ్వి, ఎత్తి, శుద్ధి చేసే ఖర్చు కూడా రాబడతారు. మండలికి పరిహారం వసూలు చేసే అధికారమే లేదని కొంతకాలం వాదనలు నడిచాయి. 2025 ఆగస్టులో ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీ కేసులో సుప్రీంకోర్టు, తగిన నిబంధనలకు లోబడి మండళ్లు నష్టపరిహారం విధించవచ్చని తీర్పు ఇవ్వడంతో ఆ వాదన నిలవకుండా పోయింది.

కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రం ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గరి బిచ్‌డీ గ్రామం కేసు చూడాలి. రంగుల తయారీలో వాడే హెచ్ యాసిడ్ అనే రసాయనాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీల బురద నేలలోకి దిగి ఊరి బావుల్లో నీళ్ల రంగే మారిపోయింది. బాగుచేసే ఖర్చు ఫ్యాక్టరీలే భరించాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. సొమ్ము కట్టకుండా కేసును సాగదీస్తూ పోతే, 2011లో అదే కోర్టు 37 కోట్ల రూపాయలకు పైబడిన అసలు మీద చక్రవడ్డీ కూడా కలిపి చెల్లించాలని ఆదేశించింది. హాని లేదని చూపించాల్సిన భారం కూడా పరిశ్రమ మీదే ఉంటుందని మన హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ జలాశయాల పరిరక్షణకు ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి నడిపిన కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల ‘నా బురద వల్లే చెరువు పాడైందని మీరు నిరూపించండి’ అన్న ధోరణిలో జవాబు రాయవద్దని నా గట్టి సలహా.

నోటీసుకు గడువులోగా, సాధారణంగా 15 రోజులు ఇస్తారు, ఉన్నది ఉన్నట్టు రాతపూర్వకంగా జవాబివ్వండి. ఎప్పటి నుంచి, ఎవరికి, దాదాపు ఎన్ని సంచులు ఇచ్చారో, అతని బండి నంబరు, ఫోన్ నంబరు, డబ్బాలకు అతను ఇచ్చిన డబ్బు వివరాలు దాచకుండా ఇవ్వండి. పాత తేదీలతో రిజిస్టరు తయారుచేసే ఆలోచన దగ్గరికి రానివ్వకండి, మీరు కొన్న క్రోమిక్ యాసిడ్ బిల్లులతో పోల్చి చూస్తే అది ఇట్టే బయటపడుతుంది, అక్కడి నుంచి మీ మీద ఎవరికీ నమ్మకం మిగలదు. చెరువు దగ్గరి సంచులను మీ పనివాళ్లను పంపి రాత్రికి రాత్రి ఎత్తించకండి. అది సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టు అవుతుంది, వాళ్ల చేతులకు, ఊపిరికి ప్రమాదం కూడా. మండలి పర్యవేక్షణలో, అనుమతి ఉన్న సంస్థ ద్వారా ఎత్తించేందుకు ఖర్చు భరిస్తానని జవాబులోనే రాయండి. నష్టాన్ని తగ్గించేందుకు మీ అంతట మీరు ముందుకు రావడం విచారణలో మీకు మేలు చేసే విషయం, అంతకన్నా ముఖ్యంగా ఆ చెరువుకు మేలు చేసే విషయం.

షాపు కొనసాగాలంటే మండలి దగ్గర నడిపేందుకు కన్సెంట్‌తో పాటు ప్రమాదకర వ్యర్థాలకు ఆథరైజేషన్ ఉండాలి. దానికి ఫారం 1లో దరఖాస్తు చేయాలి. బురదను పైకప్పు ఉన్నచోట, నీరు ఇంకని గచ్చు మీద, చుట్టూ గట్టు కట్టి, లేబుల్ అతికించిన డ్రమ్ముల్లో ఉంచాలి. 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదు. ఏడాదికి పది టన్నుల లోపు వ్యర్థం వచ్చే చిన్న యూనిట్లకు మండలి ఈ గడువును 180 రోజుల దాకా పొడిగించవచ్చు. తర్వాత దాన్ని దుండిగల్‌లోని ఉమ్మడి శుద్ధి, పూడ్చివేత కేంద్రానికి, ఆథరైజేషన్ ఉన్న వాహనంలోనే పంపాలి. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ దగ్గర పరవాడలో ఇలాంటి కేంద్రం ఉంది. బండితో పాటు వెళ్లే మ్యానిఫెస్ట్‌కు, అంటే వ్యర్థం రవాణా పత్రానికి, ఏడు ప్రతులుంటాయి. అందులో పసుపు రంగు ప్రతి మీద డ్రైవర్ సంతకం తీసుకుని మీ దగ్గర ఉంచుకోవాలి, సరుకు చేరాక కేంద్రం మీకు నీలం రంగు ప్రతి పంపుతుంది. ఆ నీలం కాగితం ఫైలులో చేరిన రోజే ఆ లోడు విషయంలో మీరు ధైర్యంగా ఉండవచ్చు. ఏటా జూన్ 30లోగా ఫారం 4లో వార్షిక రిటర్ను వేయాలి.

మీ లేఖలో నన్ను బాగా కలవరపెట్టినవి ఆ ఖాళీ డబ్బాలు. రసాయనాలు నిల్వ ఉంచిన డబ్బాలు, డ్రమ్ములు కూడా 2016 నిబంధనల మొదటి షెడ్యూలులో ప్రమాదకర వ్యర్థాలే. స్క్రాప్ బండి అతను ఎదురు డబ్బు ఇచ్చి తీసుకెళ్లాడంటే వాటిని మళ్లీ ఎవరికో అమ్మాడనే అర్థం. నగరం శివారు బస్తీల్లో నీలం డ్రమ్ముల్లో మంచినీళ్లు పట్టుకునే కుటుంబాలు ఎన్నో. ఆ డ్రమ్ములో నిన్నటిదాకా ఏముందో వాళ్లకు చెప్పేవారుండరు. ఇక నుంచి డబ్బాలను శుద్ధి చేసే అనుమతి ఉన్న యూనిట్‌కే ఇవ్వండి. జింకు, రాగి పూతకు సయనైడ్ బాత్ కూడా వాడుతుంటే ఆ బురదను యాసిడ్ బురదతో ఒకే సంచిలో ఎన్నడూ కలపకండి, రెండూ కలిస్తే వెలువడే హైడ్రోజన్ సయనైడ్ వాయువు అక్కడికక్కడే ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి కాలం నుంచీ కార్ల షెడ్డు ఉంది. ఇంజిన్ నుంచి దించిన పాత ఆయిల్‌ను పీపాలో పోసి ఉంచితే సెంట్రింగ్ పనివాళ్లు, తలుపుల చెక్కలకు చెద పట్టకుండా పూసుకునేవాళ్లు కొనుక్కుని వెళ్తుంటారు. చిన్న షెడ్డుకు కూడా ఈ నిబంధనలు వర్తిస్తాయా? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: వర్తిస్తాయమ్మా. వాడేసిన ఆయిల్ మొదటి షెడ్యూలులో 5.1 నంబరు కింద, ఆయిల్ అంటిన కాటన్ వేస్ట్ వంటివి 5.2 కింద ఉన్నాయి. షెడ్డు చిన్నదైనంత మాత్రాన మినహాయింపు లేదు. వాహనాల సర్వీసింగ్, రిపేరు, పెయింటింగ్ షెడ్లను కేంద్ర మండలి 2016లో నారింజ కేటగిరీలో, అంటే ఎరుపు తర్వాతి కాలుష్య వర్గంలో చేర్చింది. సెంట్రింగ్ షీట్లకు పూసే అలవాటు మన ఊళ్లన్నిటా ఉన్నదే. కానీ ఇంజిన్‌లో కాగి, అరిగి వచ్చిన ఆయిల్‌లో భార లోహాలు, క్యాన్సర్ కారక హైడ్రోకార్బన్లు చేరి ఉంటాయి. స్లాబు కింద నిలబడి వట్టి చేతులతో గుడ్డ ముంచి పూసే కూలీ చర్మంలోకి అవి నేరుగా వెళ్తాయి. కొత్త ఇంటి తలుపులకు పూస్తే అవి ఇంట్లో పిల్లల చేతులకే అంటుతాయి. ఆయిల్ కొన్నవాళ్ల వాడకం వల్ల జరిగే నష్టానికి కూడా అమ్మిన మీరు బాధ్యులవుతారు. పై జవాబులో చెప్పిన జరిమానాలు మీకూ అవే.

మీకు ఊరటనిచ్చే సంగతి ఒకటి ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి వాడేసిన ఆయిల్ సేకరణ, పునఃశుద్ధి బాధ్యతను ఆయిల్ ఉత్పత్తి చేసే, దిగుమతి చేసే కంపెనీల మీద పెట్టారు. రిజిస్టరైన రీసైక్లర్లు ఆయిల్‌ను మళ్లీ శుద్ధి చేసి బేస్ ఆయిల్ తీస్తారు కాబట్టి, వాళ్లకు ఇచ్చినా మీకు డబ్బు వస్తుంది. రిజిస్టరైన రీసైక్లర్‌కు లేదా సేకరణ ఏజెంటుకు మాత్రమే ఇచ్చి, ఎన్ని లీటర్లు, ఏ తేదీన, ఎవరికి ఇచ్చారో రసీదుతో సహా రిజిస్టరులో రాయండి. ఆయిల్‌లో కూలెంట్, థిన్నర్, నీళ్లు కలవనివ్వకండి, కలిస్తే రీసైక్లర్ తీసుకోడు. పాత ఫిల్టర్లను బోర్లించి ఆయిల్ పూర్తిగా కారిపోయాకే పక్కన పెట్టండి. పాత బ్యాటరీలకు 2022 నాటి నిబంధనలు వేరుగా ఉన్నాయి. వాటిలోని యాసిడ్‌ను కాలువలో వంచి, సీసం పలకలను మాత్రం అమ్ముకోవడం ఆటోనగర్లలో ఇప్పటికీ కనిపిస్తోంది. మీ షెడ్డులో అది జరగనివ్వకండి. బ్యాటరీని విప్పకుండా, ఉన్నది ఉన్నట్టుగా డీలరుకు గానీ రిజిస్టరైన రీసైక్లర్‌కు గానీ తిరిగి ఇవ్వాలి. విడివిడిగా చేయడం భారమైతే, పక్కపక్క షెడ్ల వాళ్లు మాట్లాడుకుని ఒకే సేకరణ ఏజెంటును ఒకే రోజున రమ్మనడం మంచిది. అప్పుడు కూడా ఎవరి లీటర్లకు వారి పేరునే రసీదు తీసుకోవాలి.

ప్రశ్న: మా వీధి చివరి ఖాళీ స్థలంలో రాత్రిపూట ఎవరో ట్యాంకరుతో ఘాటైన వాసన వచ్చే ద్రవం వదిలి వెళ్తున్నారు. ఎవరిని అడగాలి? (సంగారెడ్డి పాఠకుడు)

జవాబు: ముందు పిల్లలను, పశువులను అటు వెళ్లనివ్వకండి. ఆ ద్రవాన్ని ముట్టుకోవద్దు, సీసాలో పట్టి ఇంట్లో పెట్టుకోవద్దు. నమూనా తీయడం మండలి అధికారుల పని, చట్టం ప్రకారం వారు తీసిన నమూనాకే విలువ. దూరం నుంచి తేదీ, సమయం తెలిసేలా ఫోటోలు తీసి, బండి నంబరు దొరికితే రాసుకుని, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ, కలెక్టరు కార్యాలయానికీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ముద్ర వేసిన నకలు తీసుకోండి. ట్యాంకరు అక్కడే ఉండగా చూస్తే దానికి అడ్డం నిలబడకుండా పోలీసులకు ఫోన్ చేయండి. ఫిర్యాదు మీద కదలిక లేకపోతే పర్యావరణ పరిరక్షణ చట్టం 19వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇచ్చి పౌరులెవరైనా నేరుగా కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలంటే సాధారణ వివాదాలకు ఆరు నెలలు, నష్టపరిహారానికి ఐదేళ్లు గడువు ఉంటుంది. ఆ స్థలానికి దగ్గరలో తాగునీటి బోరు ఉంటే నీటి పరీక్ష ఫలితం వచ్చేదాకా దాన్ని వాడకండి, ఈ మాట ఫిర్యాదు మొదటి వాక్యంలోనే రాయండి.